హేబ్సిబా వదిన చేపలకు పెట్టిన పిడికెడు

మా ఆవిడ లీయాకు ఒక్కతే అక్క, హేబ్సిబా. నాకు వదిన. మనవలకు ఆమె కథ చెప్పేటప్పుడు ఆమె పెంచిన చేపలను మేకపిల్లలంత చేస్తాను. ఒకదానికి మీసాలు పెడతాను. మా ప్రార్థన గుడి గంట వినగానే అది నీళ్లలోంచి తల బయటపెట్టి కళ్లు మూసుకునేదని చెబుతాను. ఇక్కడ కాగితం మీద రాస్తున్నాను కాబట్టి చేపలు చేపలంతే ఉంటాయి, మీసాలు మొగులప్పకు మాత్రమే ఉంటాయి. గంట సంగతి పూర్తిగా కల్పన కాదు. ఆమె మేత వేసే వేళ, గంట కొట్టే వేళ ఒకటే. చేపలు పైకి రావడం నిజం. దేనికోసం వచ్చేవో వాటినే అడగాలి.

వదిన మొదట మిషన్ ఆసుపత్రిలో ఆయా. తల్లిపాలు పట్టని పసికందులకు చెంచాతో పాలు తాగించడం ఆమె పని. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నాకు తీరికేది? దినాం ఇద్దరు ముగ్గురు పుడుతుండిరి" అనేది. మోకాళ్లు పట్టేసి వార్డు మెట్లు ఎక్కలేకపోయినప్పుడు ఎవరో పుణ్యాత్ములు ఆమెకు బీదరు నుంచి మన్నళ్ళి వెళ్లే దారిలో కొత్తగా పెట్టిన సర్కారు చేపపిల్లల కేంద్రంలో పని చూపించారు. మైసూరు రాష్ట్రం కర్ణాటక అయ్యి పదేళ్లు దాటినా ఆమె దాన్ని "మైసూరు సర్కారు నౌకరీ" అనే చెప్పుకునేది.

ఆ కేంద్రంలో రెండు మట్టి కుంటలు, ఒక రేకుల గది, ఒక బావి ఉండేవి. రోహు చేపల పిల్లలు రేకు డబ్బాల్లో బస్సెక్కి వచ్చాయి. దిగేటప్పటికి సగం సొమ్మసిల్లి ఉన్నాయి. వదిన వాటిని ఒక్కొక్కటిగా దోసిట్లో పట్టుకుని కుంట నీళ్లలో అటూ ఇటూ ఆడించి, ఈత గుర్తొచ్చాక వదిలింది. అవి మూడేళ్లలో తల్లులయ్యే ఈడుకు వచ్చాయి. తల్లిచేపలతో గుడ్లు పెట్టించి, ఆ పిల్లలను చుట్టుపక్కల చెరువులకు పంపాలని కేంద్రం ఉద్దేశం.

కేంద్రం అధికారి జీవరాజ్ కమలనగర్ వాడు. చేపల చదువు చదివి వచ్చిన చిన్నవాడు. కాళ్లకు బూట్లు, వాటి నిండా బురద. వల లాగడానికి మొగులప్ప ఉండేవాడు. నేను పప్పు మిల్లులో గుమాస్తాను. ఆదివారం ప్రార్థన అయ్యాక లీయా కట్టిచ్చిన గిన్నె తీసుకుని వదిన దగ్గరికి వెళ్లేవాణ్ని.

ఆ ఏడాది ఎండాకాలం ముందే జిల్లా పై అధికారి జీపులో వచ్చి, దిగకుండానే కుంటలు చూసి, కన్నడంలో చెప్పేసి పోయాడు. వచ్చే వానలు వెనక్కి తగ్గేలోపు ఇక్కడ చేపపిల్ల పుట్టకపోతే కుంటలు ఎండగట్టి, పెద్ద చేపలను వేలం వేయాలి.

నేను వెళ్లేసరికి వదిన గట్టు మీద కూర్చుని ఉంది.

"నీ నౌకరీ పోతదని పరేషానా వదినా?" అన్నాను.

"నాకేమయితది జయానందం? ఇంకో ఆఫీసుల నీళ్లు పోయనీకె పెడ్తరు. నా బతుక్కి ఢోకా లేదు. వీటిని కత్తిపీట మీదికి పంపుతరు. నా చేతిల తిన్న నోళ్లు ఇవి."

నేను లీయా కట్టిచ్చిన గిన్నె మూత తీసి ఆమె ముందు పెట్టాను.

అప్పటికే మేత కరువు మొదలైంది. వానకాలం పంట దెబ్బతిని పల్లీలు రాలేదు. గానుగలు ఆగాయి. నూనె తీయగా మిగిలే పల్లిచెక్క, చేపలకు వేసేది, ఎక్కడా దొరకలేదు. జీవరాజ్ పైకి ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. వదినకు మాత్రం దాని మీద పెద్ద బెంగ లేదు. ఆ చెక్కంటే ఆమెకు మొదట్నుంచీ పడదు. "పురుగు పట్టింది, కంపు గొడ్తది. కడుపుతోని ఉన్నోళ్లకు గసుంటిది పెడ్తరా ఎవరన్నా?" అనేది. యాసంగి జొన్న బాగా పండింది. ఆమె కన్ను దాని మీద పడింది.

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. వంటకు పిండి గానీ బియ్యం గానీ తీసేటప్పుడు ముందు ఒక పిడికెడు పక్క కుండలో వేస్తారు. అది దేవుని పిడికెడు. ఆదివారం గుడికి తెచ్చి పెద్ద గంపలో పోస్తారు. లేనివాళ్లకు అందులోంచి వెళ్తుంది. ఒక ఆదివారం వదిన లేచి నిలబడి, ఈ వానలదాకా ఆ గంపలో కొంత తన చేపలకు ఇవ్వమని అడిగింది.

ఆడవాళ్ల సమాజానికి పెద్ద ఎలీసబెతమ్మ. పాట ఎత్తుకుంటే గుడి రేకులు కదిలేవి. ఈ ఒక్క మాట మాత్రం అతిశయోక్తి కాదు. ఆమె ముక్కున వేలేసుకుంది.

"దేవుడు జనానికి చేపలు పెట్టిండని విన్నం గాని, చేపలకు జనం పెట్టాలని ఎవరు చెప్పిరే?"

"కడుపుతోని ఉన్నయి వదినా," అంది హేబ్సిబా. "కడుపుతోని ఉన్నోళ్లకు పెట్టకుంటే ఇంకెవరికి పెడ్తవ్?"

ఆ గుడిలో ఉన్న ఆడవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు కడుపుతో ఉన్నవాళ్లే. వాళ్లలో సగంమంది పిల్లలకు హేబ్సిబా చెంచాతో పాలు తాగించింది. ఎలీసబెతమ్మ గంప వైపు చూసి, "ముసలోళ్లకు తక్కువ గాకుంట చూస్కో" అంది. అంతే.

అప్పటి నుంచి వదిన రోజూ జొన్నపిండి ఉడికించి, కాస్త బెల్లం కలిపి, నిమ్మకాయంత ముద్దలు చేసి కుంటలో వేసేది. చేపలు నీళ్లు చిందిస్తూ తినేవి. జీవరాజ్ మొదట కొంచెం తటపటాయించాడు. చెక్క రాకపోయె, ఏదో ఒకటి పడుతోంది కదా అని ఊరుకున్నాడు.

ఎండలు ముదిరేసరికి చేపల పొట్టలు గుండ్రంగా తేలాయి. సంఘం ఆడవాళ్లు గుడి నుంచి నేరుగా చూడటానికి వచ్చేవారు. "నాది తిన్నది అగో ఆమె" అని వేళ్లు చూపించుకునేవారు. మొగులప్ప మీసం దువ్వుకుని, "అక్కా, ఇవి ఈదుతలేవు, దొర్లుతున్నయి" అన్నాడు. జీవరాజ్ పొట్ట మీద చెయ్యి వేసి మెత్తగా ఉందని చూసి, చెవుల దాకా నవ్వాడు.

తొలకరి పడింది. కుంటలో ఉన్న రోహులు వాటంతట అవి గుడ్లు పెట్టవు. ఏటి వరద తగలాలి. అది లేనిచోట వేరే చేప మెదడు కిందనుంచి తీసిన చిన్న గ్రంథిని నూరి, ఆ రసం సూదితో ఎక్కిస్తారు. అప్పుడు చేపకు వరద వచ్చినట్టే. సాయంత్రం సూదులు వేసి, ఆడ మగ చేపలను తలకిందులు చేసిన దోమతెర లాంటి గుడ్డ తొట్టిలో వదిలారు. ఆ తొట్టిని కుంట నీళ్లలోనే నాలుగు వెదురు కర్రలకు కట్టారు.

తెల్లవారి చూస్తే తొట్టిలో నీళ్లు రాత్రి ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఒక్క గుడ్డు లేదు. చేపలు మూలకు ఒదిగి నిలబడ్డాయి. ఒకటి చచ్చి పక్కకు తిరిగి తేలింది.

మొగులప్ప దాన్ని తీసి గట్టు మీద పెట్టాడు.  వదిన కొంగుతో దాని ఒంటి మీది బురద తుడిచింది. జీవరాజ్ పక్కన చతికిలబడి, "అక్కా, కోసి చూడాలె. లేకుంటే ఎందుకయ్యిందో తెల్వదు" అన్నాడు.

"కొయ్యండి సారూ. ఉత్తగ పోవద్దు అది."

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. పొట్ట కోయగానే తెల్లటి కొవ్వు బయటపడింది. పేగుల చుట్టూ, గుడ్ల సంచి చుట్టూ, ఎక్కడ చూసినా కొవ్వే. ఆ కొవ్వు మధ్య గుడ్ల సంచి సన్నటి తాడులా ఉంది. జీవరాజ్ అందులోంచి చిటికెడు తీసి గాజు పలక మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూశాడు. ముఖం వాడిపోయింది. జరిగి, వదినకు చోటిచ్చాడు.

ఆమె ఒక కన్ను మూయడం రాక చేత్తో మూసుకుని చూసింది. "గాజుపూసల లెక్క ఉన్నయి సారూ. లోపల ఏం లేదు."

"అదే అక్కా. పచ్చసొన లేదు. పొట్ట చూసి నేను మోసపోయిన."

"గుడ్లున్నయి గదా, సొనెందుకు లేదు?"

జీవరాజ్ కుర్చీ వెనక్కి తిప్పి కూర్చున్నాడు. పెద్ద మాటలు వాడదామని నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మానేశాడు.

"సొన గుడ్డుల పుట్టదు. తల్లి కార్జంల, అదే కాలేయంల, తయారయితది. కార్జం వంటిల్లనుకో. ఆడ తయారైన సొన సరుకు నెత్తుర్ల కలిసి పోతది. గుడ్డు పైపొర మీద చిన్న చిన్న చేతుల్లాంటివి ఉంటయి. మా చదువుల రిసెప్టర్లంటరు. నెత్తుర్ల ఎన్నో పోతుంటయి, ఆ చేతులు వేరేదేదీ ముట్టయి. సొన సరుకు వచ్చిందంటే బరాబర్ పట్టుకుంటయి. పట్టుకోంగనే అక్కడ పొర లోపలికి గుంట పడ్తది. గుంట మూసుకొని చిన్న సంచయితది. సంచి లోపలికి పోయి సరుకు దించుతది. గట్ల వేలసార్లు జరిగితే గుడ్డు నిండుతది."

"మరి ఆ చేతులు?"

"మళ్ల పైకొస్తయి. ఇంకోటి పట్టుకోనీకె."

"మన చేపలకు చేతులు లేవా?"

"ఉన్నయనే అనుకుంటున్న. సరుకే రాలే. సొన సరుకు చెయ్యాలంటే పప్పో చెక్కో ఎండుచేపలో, గసుంటి మాంసకృత్తుల తిండి కావాలె. జొన్న తిన్నది తిన్నట్టు కొవ్వయ్యి కూసున్నది. సూదిమందు పనల్లా, నిండిన గుడ్డుకు ఇగ బయలెల్లు అని చెప్పుడే. నిండనిదానికి ఎంత చెప్పినా ఏముంటది?"

వదిన మళ్లీ సూక్ష్మదర్శినిలోకి వంగింది. ఆ చేతులు అందులో కనబడవని జీవరాజ్ చెప్పాడు. ఆమె వినిపించుకోలేదు. చాలాసేపు చూసింది.

"అంటే ఇన్ని దినాలు చేతులు చాపుకొని ఉన్నయి," అంది చివరికి. "నేను కుంట నిండ తిండి ఏసి మురుస్తున్న. అవి లోపల చేతులు చాపుకొనే ఉన్నయి."

పసివాళ్లకు చెంచాతో పాలు పట్టి బతికించిన మనిషి. ఆమెకు ఆ మాట ఎలా తగిలిందో నేను చూశాను. కడుపుతో ఉన్నవాళ్లకు మెత్తగా వండిన జావ, బెల్లం. ఆసుపత్రిలో నేర్చుకున్నదే ఆమె కుంట దాకా తెచ్చింది. మా సంఘం పిడికిళ్లన్నీ దాని వెనకే వచ్చాయి.

వానలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇప్పటి నుంచి సరైన మేత పడితే వానాకాలం చివర్లో మరొకసారి ప్రయత్నించవచ్చని, ఖాయం మాత్రం చెప్పలేనని జీవరాజ్ అన్నాడు. ఆదివారం వదిన మళ్లీ గుడిలో లేచి నిలబడింది. ఈసారి ఎవరి వైపూ చూడలేదు.

"చేపలు గుడ్లు పెట్టలే. తప్పు నాది. మీరిచ్చిన జొన్న వాటికి పనికొచ్చేది గాదు. నాకు తెల్వక అడిగిన."

ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. పాదిరి ఫిలిప్పయ్యగారు దగ్గి చూశారు, లాభం లేకపోయింది.

"మా జొన్నలకేమొచ్చిందే?" అంది ఎలీసబెతమ్మ. "మా పోరగాళ్లు గవ్వే తిని గింతింత అయిరి. నీ చేపలు నవాబు బిడ్డలా?"

"తల్లులు లావైనయి వదినా. పిల్లలకు ముట్టలే."

"తల్లులే తిని పిల్లలకు పెట్టలేదంటవా? గసుంటి తల్లులను వేలమేసుడే మంచిది."

"పెట్టనీకె వాటి తాన ఏం లేకుండె. జొన్నతోని సొన కాదంట. కందో పెసరో ఉండాలె."

"పిల్లలు అడగలేదా?"

"అడిగినయి," అంది హేబ్సిబా. "చేతులు చాపుకొనే ఉన్నయి."

ఎలీసబెతమ్మ కూర్చుంది. వాదం మధ్యలో ఆమె కూర్చోవడం నేను మొదటిసారీ చివరిసారీ చూసింది అప్పుడే. వెనక చాప మీద కూర్చున్న ముసలి రాచమ్మకు చెవులు సరిగా వినబడవు. పక్కనామె గట్టిగా చెప్పగా విని, "పప్పయితే పట్టుకుంటయా?" అని అడిగింది.

"పట్టుకుంటయట అవ్వా."

"మరి ముందుగాల్నే చెప్పొద్దా పిల్లా. మనది పప్పుల దేశమాయె."

నిజమే. మా బీదరు నేలలో కంది, పెసర, మినుము ఉన్నంతగా ఇంకేమీ లేదు. కాని పప్పు జొన్నంత చవక కాదు. పిడికెడు అనేది కాస్తా అరపిడికెడుగా, కొన్ని ఇళ్లలో చిటికెడుగా వచ్చింది. వచ్చినంత వచ్చింది. మిల్లులో జల్లెడ కింద మిగిలే పప్పు చూరు ఇవ్వమని నేను మా యజమాని వీరప్పను అడిగాను. చేపలు పప్పు తిని కన్నడంలో మాట్లాడతాయని చెప్పాననుకుంటాను. ఆయన నవ్వి, "ఒయ్యి, నీ మాటలు వినలేక ఇస్తున్న" అన్నాడు. మొగులప్ప మంజీర ఒడ్డున నత్తలు ఏరి తెచ్చాడు. ఎండుచేపల పొడి సంత నుంచి వచ్చింది.

పల్లిచెక్క కంపుకే ముక్కు మూసుకున్న మనిషి ఇప్పుడు నత్తలను రాతి మీద చితక్కొట్టి, ఎండుచేపల పొడీ ఉడికిన పప్పు చూరూ కలిపి, మోచేతుల దాకా పిసికేది. ఆమె బస్సెక్కితే పక్క సీటు ఖాళీ అయ్యేది. లీయా సొంత అక్కను వాకిట్లోనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. ఒక కాకి ఆ వాసనకు మా గోడ మీదనుంచి కింద పడిందని మనవలకు చెబుతుంటాను. కాకి కూర్చున్నంతవరకు నిజం.

అప్పుడప్పుడు జీవరాజ్ ఒక చేపను పట్టి, సన్నని గొట్టంతో నాలుగు గుడ్లు తీసి చూసేవాడు. వదిన చెయ్యి తుడుచుకుని వెనకే నిలబడేది.

"పట్టుకున్నయా సారూ?"

"ఇంకా లేదక్కా."

తర్వాత ఒకసారి, "కొంచెం మబ్బు పట్టినట్టున్నది లోపల. చూడు" అన్నాడు. ఆమె చూసింది. గాజుపూస లోపల అంచు వెంబడి సన్నటి పొడి చల్లినట్టు ఉంది. ఆమె మాట్లాడకుండా పోయి ఇంకో గంపెడు నత్తలు చితక్కొట్టింది.

వానలు సన్నగిల్లుతుండగా పై అధికారి కబురు పంపాడు. వేలానికి రోజు చూడమన్నాడు. జీవరాజ్ అన్ని చేపలనూ చూశాడు. ఒక్కదాని గుడ్లే నిండాయి. మిగతావి సగంలో ఉన్నాయి. ఆ ఒక్కటీ మునుపు ఎవరూ వేలు పెట్టి చూపించనిది, సన్నటిది. వదిన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఉంటే జీవరాజ్ సూది వేశాడు. అతను తొందరపడుతుంటే, "మెల్లగ సారూ, పసిపిల్లలకు సూదులేసుడు నేను ఎన్ని చూడలే" అంది. దాన్ని మగచేపలతో కలిపి తొట్టిలో వదిలారు.

తెల్లవారి నేను వెళ్లేసరికి మొగులప్ప తొట్టి పక్కన నడుం లోతు నీళ్లలో నిలబడి ఏడుస్తున్నాడు. మీసం తడిసి కిందికి వేలాడుతోంది. దీనికీ అంతే అయిందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే తొట్టి నిండా సగ్గుబియ్యం ఉడికించి పోసినట్టు గుడ్లు. వదిన గుప్పెట్లో కాసిన్ని తీసి ఎండకు పట్టింది. ఒక్కోదాని నడుమ బంగారపు రంగు చుక్క.

"నిండినయి," అంది. 

మర్నాటికి గుడ్లు పగిలి వెంట్రుకల్లాంటి పిల్లలు బయటికి వచ్చాయి. అన్నీ రాలేదు. వచ్చినవి చాలు. పై అధికారి జీపు దిగి, ప్యాంటు మడిచి, తొట్టిలోకి వంగి చూశాడు. ఒక్క చేపేనా అని అడిగాడు. ఈ ఏడాది ఒక్కటే, వచ్చే ఏడాది అన్నీ అని జీవరాజ్ అన్నాడు. ఆయన కాసేపు పిల్లలనే చూసి, వేలం మాట ఎత్తకుండా జీపెక్కి వెళ్లిపోయాడు. వదిన అక్కడే పనిచేసి అక్కడే రిటైరైంది.

ఆ జీపు పోయిన కాసేపటికే సంఘం ఆడవాళ్లు వచ్చారు. గుడికి కట్టుకున్న చీరలతోనే బురదలోకి దిగారు. ఎలీసబెతమ్మ గుప్పెట నిండా పెసరపిండి తెచ్చింది. తొట్టి మీదికి చెయ్యి చాపేసరికి వదిన ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దొదినా. పొట్ట కింద చూడు, చిన్న సొన మూట ఉన్నది. తల్లి కట్టిచ్చింది. అది అయ్యేదాక వాటికి నోరే తెరుచుకోదు. మనమేస్తే నీళ్లు చెడ్తయి."

ఎలీసబెతమ్మ తొట్టి అంచు మీదికి వంగింది. కళ్లు చికిలించి చాలాసేపు వెతికింది. దొరికినట్టుంది.

"అది మన పప్పేనా?"

"మన పప్పే."

ఆమె గుప్పెట విప్పి పిండిని చూసుకుంది. మళ్లీ మూసింది.

"అయితే పద," అంది. "బాలింత ఏ కుంటలున్నదో చూపియ్యి."